డేరా నిజమైనదేనా? ఇంగ్లీషు బోధించుటకు పరదేశము వెళ్లువారిని గూర్చిన రెండు గ్రంథముల విమర్శ

ఉపోద్ఘాతము

మా సంఘములో బి.ఇడి. పూర్తి చేసిన ఒక సహోదరి రెండేండ్లు ఒక ప్రైవేటు పాఠశాలలో ఇంగ్లీషు బోధించింది. తరువాత ఆసియా ఖండములోని వేరొక దేశమునకు స్వచ్ఛంద ఉపాధ్యాయురాలిగా వెళ్లుటకు దరఖాస్తు పెట్టుకొన్నది. జీతము లేదు. బస, భోజనము అక్కడివారు ఇస్తారు. విమాన ఖర్చు మాత్రము సొంత సంఘము భరించాలి. సిఫారసు పత్రము కొరకు ఆమె నా యొద్దకు వచ్చినప్పుడు, పంపించు సంస్థవారి సూచనల కాగితము కూడా తెచ్చింది. సంఘము పేరున్న లెటర్‌హెడ్ వాడకూడదని, నేను పాస్టరునని వ్రాయక "సామాజిక నాయకుడు" అని సంతకము చేయాలని, ప్రార్థన, సువార్త, మిషను అను మాటలు ఎక్కడా రాకూడదని అందులో ఉంది. అదే కాగితము రెండవ పుటలో, ఇంగ్లీషు తరగతి ఆత్మల రక్షణకు దేవుడు తెరచిన ద్వారమని ఉంది. మొదటి పుట అక్కడి ప్రభుత్వము కొరకు, రెండవ పుట కానుక ఇచ్చువారి కొరకు వ్రాసినట్లు నాకు తోచింది.

"అయ్యగారూ, ఇలా వ్రాస్తే అబద్ధమవుతుందా?" అని ఆమె అడిగింది. ఇన్నేండ్లు ప్రసంగ వేదిక మీద సత్యమును గూర్చి మాట్లాడిన నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఒక వారము గడువు అడిగాను. ఈ వ్యాసము ఆ వారములో మొదలైనది.

ఇంగ్లీషు బోధించుటకు పరదేశము వెళ్లినవారు వ్రాసిన జ్ఞాపకాల గ్రంథములు చాలా ఉన్నాయి. వాటిలో రెండింటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను. మొదటిది అమెరికా రచయిత పీటర్ హెస్లర్ 2001లో ప్రచురించిన "రివర్ టౌన్". రెండవది కొరియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన రచయిత్రి సుకి కిమ్ 2014లో ప్రచురించిన "వితవుట్ యూ, దేర్ ఈజ్ నో అస్". ఇవి మిషనరీ గ్రంథములు కావు. వ్రాసినవారు మన తరపున మాట్లాడుటకు బయలుదేరినవారు కారు. అందుచేతనే వారి గ్రంథములు మనకు అద్దముగా పనికివస్తాయి. నా వాదన ఒక్కటే: పరదేశములో బోధించువాడు ఏమి బోధించాడన్న దానికంటె, తాను ఎవరో, ఎందుకు వచ్చాడో ఆతిథ్యమిచ్చిన వారికి చెప్పాడా లేదా అన్నదే అతని సేవకు పునాది. ఈ పునాది లేని చోట మంచి పాఠము కూడా ఎరగా మారుతుంది.

1. "రివర్ టౌన్": ఉపాధ్యాయుడు విద్యార్థియైన విధము

హెస్లర్ 1996లో అమెరికా పీస్ కోర్ తరపున చైనా వెళ్లాడు. ఈ సంస్థను 1961లో అధ్యక్షుడు కెన్నెడీ స్థాపించాడు. చైనాలో దాని కార్యక్రమము 1993లో మొదలై 2020లో ముగిసింది. ఊ నది యాంగ్‌ట్సీలో కలియు చోటనున్న ఫూలింగ్ పట్టణములోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో అతడు రెండేండ్లు ఇంగ్లీషు సాహిత్యము బోధించాడు. అప్పటికి ఆ ఊరికి రైలు లేదు. చోంగ్‌చింగ్ నుండి పడవ మీద రాత్రివేళ చేరుకొన్నాడు. సుమారు అర్ధ శతాబ్దము తరువాత అక్కడ నివసించుటకు వచ్చిన మొదటి అమెరికనులు అతడును అతని తోటి వాలంటీరును. విద్యార్థులలో ఎక్కువమంది సిచువాన్ పల్లెలలోని రైతుల పిల్లలు. చదువు ముగిశాక తిరిగి పల్లె బడులలో ఇంగ్లీషు చెప్పుటకు వెళ్లవలసినవారు.

ఇక్కడ ఒక వివరము గమనించాలి. చైనాలో ఈ వాలంటీర్లు "పీస్ కోర్" అను పేరుతో వ్యవహరింపబడలేదు. ఆ పేరు చైనా భాషలో ఎన్నో ఏండ్లు ప్రచార యుద్ధములో నలిగి చెడిపోయింది గనుక, "అమెరికా చైనా స్నేహ వాలంటీర్లు" అను పేరు పెట్టారు. మా సహోదరి కాగితములోని "సామాజిక నాయకుడు" అను మాటకు ఇది దగ్గర చుట్టమని మొదట అనిపించింది. అయితే భేదమున్నది. పేరు మార్పు రెండు ప్రభుత్వములకును తెలుసు. ఈ యువకులు అమెరికా ప్రభుత్వము పంపినవారని కళాశాలలో ప్రతివారికి తెలుసు. పేరు మారినా సంగతి మరుగుపడలేదు.

ఈ గ్రంథములోని అసలైన బలము తరగతి గదిలో లేదు, తరగతి అయిపోయిన తరువాత ఉంది. హెస్లర్ చైనా భాష నేర్చుకొనుటకు ఇద్దరు స్థానిక ఉపాధ్యాయులను పెట్టుకొన్నాడు. వారిలో ఒకామె అతడు తప్పు పలికినప్పుడెల్ల మొగమాటము లేకుండ "తప్పు" అని ఒక్క మాటతో కొట్టివేస్తుంది. ప్రిన్స్‌టన్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములలో చదివిన మనిషి ఆ మాట వినివిని చిన్నబోతాడు. పట్టుదల పెంచుకొంటాడు. ఉదయము షేక్‌స్పియర్‌ను వివరించినవాడు మధ్యాహ్నము పసివానివలె స్వరము దిద్దుకొంటాడు. ఊరివారు తన ఉచ్చారణకు నవ్వుటను దాచక వ్రాశాడు. ఇట్లు నవ్వబడినవాడే విద్యార్థుల భయమును అర్థము చేసికొన్నాడు.

నేను సెమినరీలో చేరిన మొదటి సంవత్సరము ఇంగ్లీషులో బైబిలు వ్యాఖ్యానము చదువలేక రాత్రులు ఏడ్చినవాడను. ఆ రోజులలో మాకు ఇంగ్లీషు చెప్పుటకు ఒక విదేశీ వాలంటీరు వచ్చాడు. తరగతి ముగియగానే మాలో ఒకరిని పిలిచి రోజుకొక తెలుగు మాట నేర్చుకొనేవాడు. "వంకాయ", "వెళ్లొస్తాను" అను మాటలు అతడు పలుకుతుంటే మేము పడిపడి నవ్వేవారము. ఆ నవ్వు తరువాతనే మేము అతని యెదుట తప్పుల ఇంగ్లీషు మాట్లాడుటకు ధైర్యము తెచ్చుకొన్నాము. హెస్లర్ పుటలు చదువుచుండగా ఆ సాయంత్రములు జ్ఞాపకము వచ్చాయి. పండ్రెండేండ్ల యేసు దేవాలయములో బోధకుల మధ్య కూర్చొని వినుచు, ప్రశ్నించుచు ఉన్నట్లు లూకా 2వ అధ్యాయములో చూస్తాము. సర్వము ఎరిగినవాడే ముందు విన్నాడన్నది బోధకులందరికి మాదిరి.

హెస్లర్ మీద నాకు ఒక విమర్శ ఉంది. తనకు పెట్టిన చైనా పేరును అతడు రెండవ మనిషిగా చిత్రిస్తాడు. చైనా పేరుగలవాడు అమాయకుడు, తప్పుల మాటలాడువాడు, అందరితో కలిసిపోవువాడు. ఇంగ్లీషు పేరుగలవాడు అదే బల్ల దగ్గర కూర్చొని, చూచినదంతయు వేరొక పుస్తకములో వ్రాసికొనువాడు. ఈ ఒప్పుకోలు నిజాయితీగలదే. కాని టీ దుకాణములో, నూడుల్స్ దుకాణములో తమ ఇంటి సంగతులు చెప్పుకొన్నవారు మొదటి మనిషితోనే మాట్లాడుచున్నామనుకొన్నారు. రెండవ మనిషిని వారెరుగరు. గ్రంథము చివర ఊరి వీధులను వీడియో తీయుచున్న ఇద్దరు వాలంటీర్ల మీద గుంపు తిరగబడిన సంఘటన ఉంది. రెండేండ్ల స్నేహము ఒక్క కెమెరా యెదుట ఎందుకు కరిగింది? అక్కడ జనులు చూచినది ఆ రెండవ మనిషినే అని నా అభిప్రాయము. హెస్లర్ ఈ సంఘటనను బాధతో వ్రాశాడు గాని ఈ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు నిలువలేదు.

2. సుకి కిమ్: ఒకే కప్పు క్రింద రెండు ముసుగులు

రెండవ గ్రంథము చాలా భిన్నమైనది. ఉత్తర కొరియా రాజధానిలో 2010లో తరగతులు ప్రారంభించిన ప్యాంగ్‌యాంగ్ యూనివర్సిటీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ అను విద్యాసంస్థను కొరియా మూలములుగల ఒక అమెరికా క్రైస్తవ వ్యాపారవేత్త స్థాపించాడు. నిధులలో అధిక భాగము దక్షిణ కొరియా, అమెరికా దేశముల విశ్వాసులిచ్చినది. ఉపాధ్యాయులకు జీతము లేదు. వారి సంఘములే వారిని పోషించాయి. సుకి కిమ్ 2011లో రెండు విడతలుగా అక్కడ ఇంగ్లీషు బోధించింది. ఆ సంవత్సరము దేశములోని మిగిలిన విశ్వవిద్యాలయముల విద్యార్థులను నిర్మాణ పనులకు పంపగా, అధికారుల కుమారులు చదివే ఈ ఒక్కటి మాత్రము నడిచిందని ఆమె వ్రాసింది. డిసెంబరులో కిమ్ జాంగ్ ఇల్ మరణవార్త వెలువడిన రోజులతో గ్రంథము ముగుస్తుంది.

ఆమె విశ్వాసి కాదు. పత్రికా రచయిత్రి. గ్రంథము వ్రాయు ఉద్దేశముతోనే వెళ్లింది. తోటి ఉపాధ్యాయులు ఆమెను తమవంటి క్రైస్తవురాలనుకొన్నారు. ప్రభుత్వము ఆమెను కేవలము ఉపాధ్యాయురాలనుకొన్నది. తాను వ్రాసికొన్నదంతయు చిన్న యు.ఎస్.బి. డ్రైవులలో దాచి ఒంటి మీద పెట్టుకొని, కంప్యూటరులో ఆనవాలు లేకుండ చెరిపివేసేది. ఈ సంగతులేవియు ఆమె గ్రంథములో దాచలేదు.

గ్రంథములో అతి విలువైన భాగము విద్యార్థుల మీద ఆమెకు కలిగిన ప్రేమ. ఇరువది ఏండ్లలోపు పిల్లలు వరుసగా నడచుచు, పాటలు పాడుచు భోజనశాలకు వెళ్లుట, రాత్రివేళ నాయకుని సిద్ధాంత పఠన మందిరమునకు చలిలో కావలి కాయుట, ఉపాధ్యాయురాలు నవ్వితే పొంగిపోవుట: ఇవన్నియు తల్లి మనస్సుతో వ్రాసింది. ఆమె మేనమామ 1950 యుద్ధములో బాలుడుగా ఉన్నప్పుడు ఉత్తరమునకు తీసుకుపోబడి మరల కనబడలేదు. ఆ కుటుంబ దుఃఖము గ్రంథమంతటా వినబడుతుంది. అది ఎరుగకుండ ఆమెను తీర్పు తీర్చుట న్యాయము కాదు.

వ్యాసరచన నేర్పిన పాఠములు గ్రంథములో ప్రత్యేకముగా చదువదగినవి. ఒక అభిప్రాయము చెప్పి దానికి ఆధారము చూపుట ఈ పిల్లలకు కష్టమైపోయింది. ఆధారము అడుగకుండ నమ్ముటయే వారి చదువు. అందుచేత వ్యాకరణముకంటె ఆధారము చూపుటయే ఆ తరగతిలో పెద్ద పాఠమైనది. మరొక ప్రక్క ఆ పిల్లలు తేలికగా అబద్ధములాడుటను చూచి ఆమె చలించిపోయింది. తరగతికి రాని స్నేహితుని కాపాడుటకు అందరు కలిసి ఒకే కథ చెప్పేవారు.

ఇక్కడనే నా ప్రధాన విమర్శ. ఆధారము చూపుమని, నిజము చెప్పుమని నేర్పుచున్న ఉపాధ్యాయురాలు ఆ గదిలో తాను ఎవరన్న విషయములో ఒక్క నిజమును చెప్పలేని స్థితిలో ఉన్నది. విద్యార్థుల అబద్ధములను ఆమె జాగ్రత్తగా లెక్కించింది. తన అబద్ధమును అవసరమని విడిచిపెట్టింది. పేర్లు, గుర్తులు మార్చానని చెప్పింది నిజమే. అయితే ఆ సంవత్సరము ఆమె దగ్గర చదివినవారు ఎవరో అక్కడి ప్రభుత్వమునకు తెలియనిది కాదు. అపాయము రచయిత్రి వెంట విమానమెక్కలేదు, పిల్లల దగ్గరనే ఉండిపోయింది.

ఆమె పక్షమున చెప్పదగినదియు చెప్పాలి. ఏ పత్రికా విలేకరిని స్వేచ్ఛగా తిరుగనియ్యని దేశములోని సంగతి లోకమునకు తెలియాలంటే వేరొక దారి ఏది? సంస్థ స్థాపకుడు, తోటి ఉపాధ్యాయులు ఆమె తమను మోసగించినదని బహిరంగముగా నిందించారు. వేరొక మార్గము లేదన్నదే ఆమె సమాధానము. ఇది తేలికగా కొట్టివేయదగిన సమాధానము కాదు. కాని పత్రికా రచనకు ఈ సమాధానము చాలినను, బోధకుని పిలుపునకు చాలదు. విలేకరికి మనుష్యులు సమాచారమునకు మూలము కావచ్చు. బోధకునికి వారు అప్పగింపబడిన గొఱ్ఱెలు.

మరొక మాట మనలను నేరుగా తాకుతుంది. నాయకుని భక్తిలో మునిగిన విద్యార్థులకును, ప్రభువు భక్తిలో మునిగిన తోటి ఉపాధ్యాయులకును ఆమె పోలికలు చూచింది. ఇది అన్యాయమైన పోలిక అని కోపగించుకొని పుట త్రిప్పవచ్చు. కాని ఆమె ఎందుకట్లు చూచిందని అడుగుట మేలు. ఆమెతో ఒకే బల్ల దగ్గర నెలల తరబడి భోంచేసిన విశ్వాసులలో సందేహము, ప్రశ్న, స్వీయ విమర్శ ఆమెకు కనబడి ఉంటే ఈ పోలిక కలము నుండి వచ్చేదా?

3. మౌనమునకును మోసమునకును గల భేదము

అయితే ఆ క్రైస్తవ ఉపాధ్యాయులు కూడా ముసుగు వేసికొన్నవారేనా? ఇక్కడ తొందరపడకూడదు. స్థాపకుడు క్రైస్తవుడని ప్యాంగ్‌యాంగ్ అధికారులకు తెలుసు. ధనము ఎక్కడనుండి వచ్చినదో తెలుసు. తరగతిలో మతబోధ జరుగకూడదన్న షరతు మీదనే తలుపు తెరచుకొన్నది. ఉపాధ్యాయులు తమలో తాము ఆరాధించుకొన్నారు, తరగతిలో మౌనము వహించారు. తెలిసి ఒప్పుకొన్న మౌనము మోసము కాదు. దానిని షరతుతో కూడిన ఆతిథ్యమనాలి. ఆ షరతును పైకి ఒప్పుకొని లోపల వేరొక లెక్క పెట్టుకొన్నవారుంటే మాత్రము, వారికిని సుకి కిమ్‌కును భేదము పేరులోనే ఉంది.

ఒప్పుకొన్న మౌనమునకు మంచి ఉదాహరణ భూటాను దేశములో ఉంది. కెనడా దేశస్థుడైన యేసుసభ గురువు విలియం మెకీ, ఆ దేశపు పిలుపు మేరకు 1963లో వెళ్లి ఇంగ్లీషు మాధ్యమములో ఆధునిక విద్యకు పునాది వేసినవారిలో ముఖ్యుడు. బౌద్ధ రాజ్యములో మతప్రచారము చేయకూడదన్నది అక్కడి నియమము. ఆయన గురువని అందరికి తెలుసు. ఆ నియమమునకు లోబడి మూడు దశాబ్దములు బోధించాడు, ఆ దేశపు పౌరసత్వము పొందాడు, 1995లో మరణించాడు. లెక్కకు వచ్చు మారుమనస్సులు లేవు గనుక ఆయన సేవ వ్యర్థమని చెప్పగలమా?

లేఖనములలో దాచుటను గూర్చిన ఉదాహరణలు అనేకము ఉన్నాయి. షిఫ్రా, పూయా అను మంత్రసానులు ఫరోకు నిజము చెప్పలేదు. రాహాబు వేగులవారిని దాచింది. నెహెమ్యా రాత్రివేళ ఎవరికి చెప్పక గోడలను పరిశీలించాడు. మారుపేరుతో సేవకు వెళ్లుటను సమర్థించువారు ఈ వాక్యభాగములనే చూపుతారు. అయితే వీరు దాచినది ఎవరి కొరకు? మంత్రసానులు పసిబిడ్డల ప్రాణము కొరకు, రాహాబు తన యింట ఆశ్రయము పొందినవారి కొరకు దాచారు. నెహెమ్యా కొంతకాలము మౌనముగా ఉండి, తరువాత జనులందరి యెదుట తన పని చెప్పాడు. బలహీనుని కాపాడుటకు బలవంతుని యెదుట దాచుట ఒకటి. నమ్మి కూర్చున్న విద్యార్థి యెదుట తన ఉద్దేశమును దాచుట వేరొకటి.

మన విషయమునకు మరింత దగ్గరైనది యెహోషువ 9వ అధ్యాయము. గిబియోనీయులు పాత చెప్పులు, చినిగిన బట్టలు, బూజుపట్టిన రొట్టెలతో దూరదేశస్థులమని వేషము వేసికొని నిబంధన సంపాదించారు. నిబంధన నిలిచింది గాని నమ్మకము నిలువలేదు. తరతరములు వారు కట్టెలు కొట్టువారుగా, నీళ్లు చేదువారుగా మిగిలిపోయారు. వేషముతో తెరచిన తలుపు తరువాత వచ్చువారికి ఎట్లు మూసికొంటుందో మిషను చరిత్రలోను చూడవచ్చు.

"అందరికి అన్నివిధములవాడనైతిని" అన్నట్లుగా 1 కొరింథీ 9లో పౌలు చెప్పిన భావమును ఈ సందర్భములో తరచుగా వాడుతారు. పౌలు మార్చుకొన్నది తన అలవాట్లను, భోజనమును, స్వాతంత్ర్యమును. తన పేరును, పిలుపును కాదు. 2 కొరింథీ 4:2లో అదే పౌలు రహస్యమైన అవమానకార్యములను, కుయుక్తిని విడిచి, సత్యమును బయలుపరచుటవలననే ప్రతి మనుష్యుని మనస్సాక్షికి తనను అప్పగించుకొనుచున్నానని తెలియజేస్తున్నాడు. ఈ వచనము పరిచర్య పద్ధతిని గూర్చినది. సందేశము సత్యమైతే చాలదు, సందేశము తెచ్చు మార్గము కూడా సత్యముగా ఉండాలి.

ఇక అపొస్తలుల కార్యములు 18:3. అకుల, ప్రిస్కిల్లలతో కలిసి పౌలు డేరాలు కుట్టాడు. వృత్తి చేయుచు సువార్త సేవ చేయువారిని నేడు "డేరా కుట్టువారు" అని పిలుచుట ఇక్కడనుండి వచ్చింది. పౌలు కుట్టినది నిజమైన డేరా. కొన్నవాడు దాని క్రింద నిదురించాడు, వాన పడితే తడవలేదు. పౌలు సువార్తికుడని కొరింథులో అందరికి తెలుసు. ఇంగ్లీషు తరగతి డేరా వంటిదైతే, దానిలో విద్యార్థికి నిజముగా ఇంగ్లీషు రావాలి. బోధన రాని యువకులను, ఇంగ్లీషు మాట్లాడగలరన్న ఒక్క కారణముతో, రెండు వారముల శిక్షణతో పంపుట చిల్లుల డేరాను అమ్ముట వంటిది.

4. మన తీరములో నోబుల్ పాఠశాల

ఈ ప్రశ్న ఆంధ్ర క్రైస్తవ చరిత్రకు క్రొత్తది కాదు. చర్చి మిషనరీ సొసైటీ పక్షమున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో వచ్చి మచిలీపట్నములో తెలుగు మిషనును ప్రారంభించారు. ఫాక్స్ తెలుగులో గ్రామ సేవకు దిగాడు. నోబుల్ 1843లో ఇంగ్లీషు పాఠశాల తెరిచాడు. అదే తరువాత నోబుల్ కళాశాల అయింది. పిల్లలు ఇంగ్లీషు కొరకు వచ్చారు. బైబిలు కూడా చదువవలసి ఉంటుందని తలిదండ్రులకు ముందే తెలుసు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందినప్పుడు పట్టణము మండిపడింది, పాఠశాల ఖాళీ అయింది. కాని కొంతకాలమునకు పిల్లలు తిరిగి వచ్చారు. నోబుల్ ఏమి చేయబోవునో దాచలేదు గనుకనే కోపము చల్లారిన తరువాత నమ్మకము మిగిలిందని నేను భావిస్తున్నాను. ఆయన స్వదేశమునకు ఒక్కసారియైనను తిరిగి వెళ్లక 1865లో ఇక్కడనే మరణించాడు. ఒక వేసవి సెలవులకు వచ్చి ఫోటోలతో తిరిగిపోవు నేటి వాలంటీరు పద్ధతి ప్రక్కన ఈ ఇరువది నాలుగేండ్లను పెట్టి చూడాలి.

అయితే నోబుల్‌ను పొగడి ఊరకుంటే మన చరిత్రకు మనమే అన్యాయము చేసినవారమవుతాము. ఆయన పాఠశాల అగ్రవర్ణముల పిల్లలను దృష్టిలో పెట్టుకొని నడిచినది. పైనుండి క్రిందికి వెలుగు దిగుతుందన్నది ఆ కాలపు ఆలోచన. తెలుగు సంఘము నిజముగా పెరిగినది పల్లెల చివర పేటలలో, మాల మాదిగల యిండ్లలో. ఆ యిండ్లకు ఇంగ్లీషు చాలా ఆలస్యముగా వచ్చింది. మా సంఘములో ఈ రోజుకును తలిదండ్రులు కూలి డబ్బుతో ఇంగ్లీషు మాధ్యమము ఫీజు కట్టుట ఆ ఆలస్యమును పూడ్చుకొనుటకే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో ప్రభుత్వ పాఠశాలలను ఇంగ్లీషు మాధ్యమమునకు మార్చు ఉత్తర్వులు ఇచ్చినప్పుడు, 2020లో హైకోర్టు వాటిని కొట్టివేసినప్పుడు, మా పేటలో జరిగిన చర్చ భాషాభిమానమును గూర్చినది కాదు, తలుపు ఎవరికి తెరచుకొంటుందన్నదే.

కనుక ఇంగ్లీషు బోధనను వలసవాదమని ఒక్క మాటతో త్రోసివేయువారితో నేను ఏకీభవించను. దానియేలు 1వ అధ్యాయములో నలుగురు యువకులు కల్దీయుల విద్యను, భాషను నేర్చుకొన్నారు. సామ్రాజ్యపు భాషను వారు నిరాకరించలేదు. పెట్టిన పేర్లను భరించారు. కాని భోజనపు బల్ల దగ్గర ఒక గీత గీసికొన్నారు. ఆ గీత ఎక్కడ గీయాలో నిర్ణయించినది విద్యార్థులే, బోధించినవారు కాదు. ఫూలింగ్ విద్యార్థులు తమకు తామే ఇంగ్లీషు పేర్లు పెట్టుకొని, షేక్‌స్పియర్‌ను తమ రాజకీయ పాఠముల వెలుగులో తమకు నచ్చినట్లు చదువుట చూచినప్పుడు నాకు దానియేలు జ్ఞాపకము వచ్చాడు. విద్యార్థి తనకు కావలసినది తీసికొని, అక్కరలేనిది విడువగలిగిన చోటనే బోధన వరమవుతుంది. బోధకుని ఉద్దేశము దాచబడినప్పుడు విద్యార్థికి ఈ ఎంపిక ఉండదు. దేనిని విడువాలో అతనికి తెలియదు గనుక.

5. సంఘమునకు అన్వయము

మన సెమినరీలలో చదువుచున్నవారు, మన సంఘముల యువతీయువకులు పరదేశములకు స్వచ్ఛంద ఉపాధ్యాయులుగా వెళ్లు అవకాశములు వస్తున్నాయి. ఒకప్పుడు అందుకొన్నవారము ఇప్పుడు ఇచ్చువారమగుట సంతోషమే. అయితే సిఫారసు పత్రముపై సంతకము పెట్టకముందు పాస్టరు మూడు ప్రశ్నలు అడుగాలని నా మనవి.

మొదటిది, రెండు పుటలు ఒకటేనా? ఆతిథ్యమిచ్చు దేశమునకు చూపు కాగితమును, కానుక ఇచ్చు సంఘమునకు చూపు కాగితమును ప్రక్కప్రక్కన పెట్టి చదువాలి. మొదటివారు రెండవ కాగితమును చదివితే సిగ్గుపడవలసిన పని ఉన్నదా? ఉన్నచో సంతకము చేయకూడదు. కొన్ని దేశములలో విశ్వాసుల ప్రాణరక్షణ కొరకు మౌనము అవసరమని నేనెరుగుదును. 2017లో ప్యాంగ్‌యాంగ్ విద్యాసంస్థతో సంబంధమున్న ఇద్దరు అమెరికనులు నిర్బంధింపబడి 2018 మే నెలలో విడుదలయ్యారు. ఆ దేశపు జైలు అంటే ఏమిటో ఎరుగని మనము దూరమునుండి వీరత్వము చెప్పకూడదు. అయినను మౌనముగా ఉండుట వేరు, నేను కానిది నేనని వ్రాసి సంతకము చేయుట వేరు.

రెండవది, వెళ్లువారికి బోధన వచ్చునా? తరగతి నడుపుట, తప్పును నొప్పింపక దిద్దుట, వ్యాకరణమును వివరించుట ఒక విద్య. బి.ఇడి. లేకున్నను కనీసము ఒక సంవత్సరము మన ఊరి బడిలో చెప్పిన అనుభవము అడుగాలి. ఇక్కడ అయిదవ తరగతి పిల్లవానికి చెప్పలేనివాడు అక్కడ చెప్పగలడని అనుకొనుట ఆ దేశపు పిల్లలను తక్కువ చేయుట.

మూడవది, వారు ఏ భాష నేర్చుకొనబోవుచున్నారు? పెంతెకొస్తు దినమున ప్రతివాడు తన స్వభాషలో విన్నాడు. ఆత్మ దేవుడు జనులందరికి ఒకే భాష నేర్పలేదు, శిష్యుల నాలుకలనే మార్చాడు. ఇంగ్లీషు బోధకుడు ఈ క్రమమును తలక్రిందులు చేయు అపాయములో ఎప్పుడును ఉంటాడు. అతడు ప్రతిరోజు కొంతసేపు అక్కడి భాషకు విద్యార్థియై కూర్చొనుటయే దానికి మందు. మన యువతకు ఇందులో ఒక మేలు ఉంది. ఇంగ్లీషు మనకు పుట్టుభాష కాదు. నేర్చుకొనువాని నాలుక ఎక్కడ తడబడునో, ఎందుకు సిగ్గుపడునో మనకు తెలుసు. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడువారినే కోరు సంస్థలు ఈ సంగతిని గ్రహించవలసి ఉంది.

ముగింపు

ఆ సహోదరికి ఏమి వ్రాశానో చెప్పి ముగిస్తాను. సంఘము లెటర్‌హెడ్ మీదనే వ్రాశాను. ఈమె మా సంఘ సభ్యురాలని, ఆదివారపు బడిలో బోధిస్తుందని, ఇంగ్లీషు బాగుగా చెప్పగలదని, తరగతిలో మతబోధ చేయవద్దని ఆ దేశము కోరినచో దానిని గౌరవించునని, ఎవరైనా ఆమె విశ్వాసమును గూర్చి అడిగినచో అబద్ధమాడదని వ్రాసి, పాస్టరునని సంతకము చేశాను. వ్రాసినది ఆమెకు చదివి వినిపించాను. "ఇది పంపితే నన్ను తీసికోరేమో అయ్యగారూ" అన్నది. "అవునమ్మా, తీసికోకపోవచ్చు. పంపాలా వద్దా నీవే చెప్పు" అన్నాను. రెండు రోజులు ఆలోచించుకొని పంపించమన్నది.

సంస్థవారు ఆమెను తీసికొనలేదు. ఆ సంవత్సరము పోయింది. ఈ నిర్ణయము వలన కలిగిన నష్టము ఆమెది గాని నాది కాదు. సత్యమును గూర్చి వ్యాసము వ్రాయుట నాకు సులువు, దాని వెల కట్టినది ఆమె. ఇప్పుడు ఆమె మా మండలములోనే ఒక బడిలో ఇంగ్లీషు చెప్పుచున్నది. సాయంత్రములు, ఇటుక బట్టీ పనికి ఒడిశా నుండి వచ్చిన కుటుంబముల పిల్లలకు అక్షరములు నేర్పుచు, వారి దగ్గర ఒడియా మాటలు నేర్చుకొనుచున్నది. ఆమె ఎవరో, ఏ సంఘమునుండి వచ్చినదో ఆ తల్లులకు తెలుసు. తెలిసే పిల్లలను పంపుచున్నారు.

పరదేశమునకు వెళ్లాలన్న ఆశ ఆమెలో చల్లారలేదు. వేరొక దరఖాస్తు తెచ్చినప్పుడు నేను మరల అదే లెటర్‌హెడ్ మీద వ్రాయవలసి ఉంటుంది. ఆ కాగితమును అంగీకరించగల సంస్థలను వెదకి, లేనిచోట కట్టుట మన సెమినరీలు, సంఘములు చేయవలసిన పని. పంపువారు నిజమైన డేరాను కుట్టకుండ, వెళ్లువారిని మాత్రము సత్యముగా ఉండమని చెప్పుట న్యాయము కాదు.